కళ్ళు మూసుకుని చెప్పు

అమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం అని రాద్దామని కలం పెట్టి కాసేపు ఆగాను. ఒంట్లో క్షేమంగానే ఉంది. మిగతాది ఎంత క్షేమమో రేపు తెలుస్తుంది. నువ్వూ నాన్నా బాగున్నారని మిషనత్త రాసింది. ఆ పక్క వాక్యంలోనే, నువ్వు బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఎడమకాలికి చెప్పు లేదనీ, ఎక్కడ జారిపోయిందో నీకే తెలియలేదనీ, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకున్నారనీ రాసింది. ఆ సంగతి చివర్లో రాస్తాను. అందాకా పొయ్యి మీద ఏదో ఉందంటూ లేచి వెళ్ళిపోకు.

మిషనత్తా, నీకూ నమస్కారాలు. ఈసారి ఉత్తరం పొడుగు. కుట్టుమిషను ఆపి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చదువు. పోయినసారి నాకు జలుబు చేసిందని రాస్తే వీధి మొదట్లో కొట్టతను కూడా అమ్మని ఆపి "పాపకి తగ్గిందా?" అని అడిగాడట. నీ గొంతు అలాంటిది.

అమ్మా, ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకి తింటున్నాను. గది కిటికీకి గొళ్ళెం బిగించారు. నా గదిలో ఉండే నర్సుకి గురక ఎక్కువే గానీ మనిషి మంచిది. ఇక సంఘం సంగతి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? నీకెందుకమ్మా సంఘాలూ గింఘాలూ" అన్నావు. జెండాలు పట్టుకుని రోడ్డెక్కుతారా అని నాన్న అడిగారు. అందులో పెళ్ళికొడుకులు దొరుకుతారా అని అడుగున చిన్న అక్షరాలతో రాసింది మాత్రం మీ ఇద్దరూ కాదని నాకు తెలుసు, అత్తా. ఉన్నవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు, మిగతా సగానికి బట్టతల. ఆశ పెట్టుకోకు.

అది మా ఫిజియోల సంఘం అమ్మా. విరిగిన కాళ్ళు నడిపించేవాళ్ళూ, పక్షవాతం వచ్చిన చేతులు కదిలించేవాళ్ళూ, బిగుసుకుపోయిన మెడలు విడిపించేవాళ్ళూ అందరం కలిసి పెట్టుకున్నది. నెలకోసారి ఆదివారం పూట, పళ్ళ డాక్టరు షాపు మీది మేడగదిలో కూర్చుంటాం. ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. టీ ఇస్తారు, అది ఎప్పుడూ చల్లారే ఉంటుంది. కొత్త వైద్యం ఏదైనా వస్తే తెలిసినవాళ్ళు చెప్తారు. ఎవరికైనా చిక్కు కేసు వస్తే అందరి ముందూ పెడతారు.

నేను మొదట చేరింది గోడకి తగిలించుకునే సర్టిఫికెట్ కోసమే. చేరాక నాకొకటి అర్థమైంది. డాక్టర్ల ఇంట్లో పుట్టిన పిల్లలకి సగం విద్య భోజనాల దగ్గరే వస్తుంది. "ఇవాళ ఒక కేసు వచ్చింది నాన్నా" అంటే, "అలా కాదురా, ఇలా చెయ్యి" అనేవాళ్ళు ఇంట్లోనే ఉంటారు. నాకు ఎవరున్నారు? నేను చేసే పని పేరు నీకు నోరు తిరగడం లేదని "కాళ్ళ డాక్టరు" అని చెప్తున్నావు. నీ తప్పు కాదది. మన ఇంట్లో ఈ దారిన ముందు నడిచినవాళ్ళు లేరు. ఆ మేడగది నాకు అలాంటి భోజనాల బల్ల. నా పని గురించి నాకంటే ముందు తప్పులు చేసినవాళ్ళు అక్కడ కూర్చుని ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. భయపడకు అని రాయను. నేనే భయపడుతున్నాను.

మా ఆసుపత్రికి ఇస్త్రీ పెద్దమ్మ అని ఒకావిడ వస్తోంది. వీధి మలుపులో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. చీలమండ విరిగి, కట్టు విప్పాక పాదం కర్రలా బిగుసుకుపోయింది. షుగరు ఉంది. నీ వయసే ఉంటుంది, నీలాగే గదిలోకి వస్తూనే చెప్పులు బయట విడిచి, కూర్చోమన్నా నిలబడే మాట్లాడుతుంది. పాదం మెత్తబడడానికి ముందు వేడి మూట పెట్టమన్నారు. మా గదిలో వేడినీళ్ళ తొట్టి ఉంటుంది, అందులో బరువైన గుడ్డ మూటలు నానుతుంటాయి. తీసి తువ్వాళ్ళలో చుట్టి కీలు మీద వేస్తాం.

షుగరు ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ పోతుంది. వేడి తెలియదు. అందుకని మూట వేసే ముందు పరీక్ష చెయ్యాలి. ఒక గొట్టంలో వేడినీళ్ళు, ఒక గొట్టంలో చన్నీళ్ళు. రోగి కళ్ళు మూసుకోవాలి. ఒకటి తాకించి "ఏది?" అని అడగాలి. నేను చేశాను. "పెద్దమ్మా, కళ్ళు మూసుకోండి" అన్నాను. అడిగినవన్నీ టకటకా చెప్పింది, వేడి, చల్లన, చల్లన, వేడి. ఒక్కటీ తప్పలేదు. "భలే పెద్దమ్మా!" అన్నాను. ఆవిడ మొహం ఎంత వెలిగిందో! మూట వేశాను. మధ్యలో ఒకసారి తువ్వాలు ఎత్తి చర్మం చూడాలి. సరిగ్గా అప్పుడే మా మేనేజరు గారు తలుపు దగ్గరికొచ్చి, పై అంతస్తులో ఆయనకి కావలసినవాళ్ళెవరో ఉన్నారనీ, వెంటనే వచ్చి నడిపించమనీ పిలిచారు. వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పెద్దమ్మ చక్కగా కూర్చునే ఉంది, నొప్పి లేదు, మంట లేదు. తువ్వాలు తీశాను. పాదం మీద చర్మం దానిమ్మ గింజలా ఎర్రబడి ఉంది. చల్లబరిచి, డాక్టరుని పిలిచి చూపించాను. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

మర్నాటికి బొబ్బలు లేచాయి. షుగరు పుండు అంత త్వరగా మానదు. ఆవిడ కొడుకు బస్సు డ్రైవరు. వచ్చి హాలు మధ్యలో నిలబడి అరిచాడు. "మా అమ్మ కాలు విరిగితే తీసుకొచ్చాం, ఉడకబెట్టి పంపించారు! ఏదీ ఆ చేసిన మనిషి?" నేను ఆ హాల్లోనే ఉన్నాను. ముందుకెళ్ళి "నేనే" అన్నాను. అతను నన్ను కింద నుంచి పై దాకా చూశాడు. కొట్టి ఉంటే బాగుండేదనిపించింది. కొట్టలేదు. ఫిర్యాదు పెట్టాడు, ఆసుపత్రిలోనూ, మాకు లైసెన్సులిచ్చే కౌన్సిల్లోనూ. కౌన్సిలు నా పేరు కొట్టేస్తే నేను ఇక ఏ ఆసుపత్రిలోనూ ఎవరి కాలూ ముట్టుకోకూడదు అమ్మా. నన్ను చదివించడానికి నువ్వు బిస్కెట్ల ఫ్యాక్టరీలో సిమెంటు నేల మీద నిలబడిందంతా నీళ్ళలో కలుస్తుంది.

గదికొచ్చి ఫోన్ చేసింది మొదట నీకు కాదు. కోపం తెచ్చుకోకు. నువ్వు ఏమంటావో తెలుసు, "పెద్దవాళ్ళ కాళ్ళ మీద పడు, వాళ్ళు చెప్పినట్టు విను" అంటావు. సంఘం అధ్యక్షురాలికి చేశాను. ఆవిడని అందరం కొలబద్ద మేడం అంటాం. కీళ్ళ వంపు కొలిచే ప్లాస్టిక్ కొలబద్ద ఎప్పుడూ ఆవిడ సంచిలోంచి తొంగి చూస్తూ ఉంటుంది, పెళ్ళికి వెళ్ళినా సరే. నేను ఏడుస్తూ చెప్పిందంతా విని, "ఆదివారం దాకా ఆగకు. రేపు సాయంత్రం మేడగదికి రా. కొందర్ని పిలుస్తాను" అంది.

వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఎవరూ "అయ్యో" అనలేదు. అందరూ ఏదో లెక్క చేస్తున్నట్టు నేల చూస్తున్నారు. కొలబద్ద మేడం అడిగింది.

"ఆవిడ కళ్ళు మూసుకుందా?"

"మూసుకోమన్నాను మేడం."

"నువ్వు ఏమన్నావని కాదమ్మా అడిగింది. ఆవిడ మూసుకుందా?"

నేను చూసింది ఆవిడ పాదాన్ని. మొహాన్ని కాదు.

"మీ గొట్టాలకి మూతలేం రంగు?" అన్నాడు మూల కూర్చున్న బట్టతల ఫిజియో.

"వేడిదానికి ఎరుపు. చల్లదానికి నీలం."

"హమ్మయ్య" అన్నాడాయన. నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం చెప్పుకుపోయాడు. "మాదీ అంతే. నాకు దొరికినాయన పాలవాడు. అన్నీ సరిగ్గా చెప్పాడు. ఆఖరికి గొట్టం తాకించకుండానే 'ఏది?' అని అడిగితే, నా చేతిలో ఎరుపు చూసి 'వేడి' అన్నాడు. అప్పుడు తెలిసింది. దేవుడి దయ వల్ల మూట ఇంకా వెయ్యలేదు." మరొకావిడ తనకి జరిగింది చెప్పింది. ఇంకొకావిడ తనది చెప్పింది. అందుకే సంఘం ఎప్పుడో ఒక పద్ధతి రాసి పెట్టిందట, కళ్ళకి గుడ్డ వెయ్యాలి, గొట్టాలు ఒకే రంగువి ఉండాలి, మధ్య మధ్యలో ఏదీ తాకించకుండా అడగాలి. కిందటేడు దాని మీద క్లాసు కూడా పెట్టారు. ఆ ఆదివారం నేను నిద్రపోయాను అమ్మా. బట్టలు ఉతుక్కోవాలని వంక చెప్పి వెళ్ళలేదు.

"అయితే నా తప్పు లేదా మేడం?" అని ఆశగా అడిగాను.

కొలబద్ద మేడం నవ్వలేదు. "సంఘం ఉన్నది నీ తప్పు కడగడానికి కాదు. నీ తప్పెంతో అంతే నీ మీద పడేట్టు చూడడానికి. నీది నువ్వు దాచావా, మేం నీ పక్కన కూర్చోం. అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పావా, ఎవడు లేవమన్నా లేవం" అంది. తర్వాత నేను ఎప్పుడూ చదవకుండా సంతకం పెట్టిన విషయం ఒకటి చెప్పింది. సభ్యత్వంతో పాటు బీమా ఉంటుందట. మన చేతిలో రోగికి దెబ్బ తగిలితే ఆ వైద్యం ఖర్చు అది చూసుకుంటుందట. నేను సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించుకున్నాను గానీ దాని వెనకాల ఏముందో చూడలేదు.

ఇవాళ మధ్యాహ్నం మేనేజరు గారు గదిలోకి పిలిచారు. ఎప్పుడూ లేనిది కుర్చీ చూపించారు. రేపు పొద్దున విచారణ. పెద్ద డాక్టరు గారు ఉంటారు, పెద్దమ్మ, కొడుకూ వస్తారు.

"చూడమ్మాయ్, నువ్వు మా పిల్లలాంటిదానివి. ఎవరో అంటున్నారు, ఆ ముసలమ్మ కళ్ళు తెరిచి చూసి చెప్పిందట కదా? ఇంకేం! రేపు ఒక్క ముక్క చెప్పు. 'పరీక్ష చేశాను, పేషెంటు అబద్ధం చెప్పింది.' అంతే. ఆసుపత్రి బయటపడుతుంది, నువ్వూ బయటపడతావు."

"మీరు పైకి పిలిచారు కదా సార్, మధ్యలో. అది?"

"నేను పిలిచానా?" అని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు గుర్తు లేదే. నీకు గుర్తుంటే మాత్రం, జాగ్రత్తగా గుర్తు తెచ్చుకో. ఆ సంఘంవాళ్ళు నీకు జీతం ఇవ్వరు."

అమ్మా, ఆయన చెప్పమన్నది అబద్ధం కాకపోవచ్చు. అదే నన్ను తినేస్తోంది. ఆవిడ నిజంగా చూసి చెప్పిందేమో. ఆ ఒక్క ముక్క చెప్తే నా ఉద్యోగం ఉంటుంది, లైసెన్సు ఉంటుంది, నీకు ఈ ఉత్తరం రాయాల్సిన పనే ఉండదు. చెప్పకపోతే మేనేజరు గారిని నలుగురిలో నిలబెట్టినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొలబద్ద మేడం రేపు వస్తానంది. నేను ఏం చెప్తానని అడగలేదు. అడిగినా చెప్పలేకపోయేదాన్ని.

ఇక్కడ ఆపుతున్నాను. చెయ్యి చెమట పట్టి అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

*

ఇది మర్నాడు సాయంత్రం. అదే ఉత్తరం. అత్తా, నీళ్ళు తాగాలంటే ఇప్పుడు తాగు.

విచారణ పై అంతస్తులో, పొడుగు బల్ల ఉన్న గదిలో. పెద్ద డాక్టరు గారు మధ్యలో, పక్కన మేనేజరు గారు. ఇటు పక్క పెద్దమ్మ, కట్టు కట్టిన కాలు ఒక స్టూలు మీద. వెనక కొడుకు నిలబడ్డాడు, కుర్చీ వేసినా కూర్చోలేదు. నేనూ కొలబద్ద మేడమూ లోపలికి వెళ్ళగానే మేనేజరు గారు లేచారు.

"మేడం, బయటివాళ్ళకి ప్రవేశం లేదండీ."

"నేను బయటిదాన్నేం కాదు బాబూ. ఈ పిల్ల చేసే పనే నేనూ చేస్తాను. ఈ గదిలో ఆ పని చేసేది మేమిద్దరమే. మమ్మల్ని బయటికి పంపి మీరంతా దేని గురించి మాట్లాడుకుంటారు?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. సంచి బల్ల మీద పెట్టింది. కొలబద్ద తొంగి చూస్తోంది. పెద్ద డాక్టరు గారు మూతి బిగించుకుని, "ఉండనివ్వండి" అన్నారు.

కొడుకు తన ఫిర్యాదు చెప్పాడు. అరవలేదు. అరవకుండా చెప్తుంటే ఇంకా భయమేసింది. అతను ఆపగానే మేనేజరు గారు అందుకున్నారు.

"మా ఫిజియో పరీక్ష చేసే వేసింది సార్. పేషెంటే తప్పు చెప్పింది. అవునా అమ్మాయ్?"

అందరూ నా వైపు తిరిగారు. పెద్దమ్మ కూడా. ఆవిడ కళ్ళు నన్ను బతిమాలుకుంటున్నట్టున్నాయి, ఆ బతిమాలడం దేనికో నాకు అర్థం కాలేదు. బల్ల కింద కొలబద్ద మేడం చెయ్యి నా మోకాలి మీద పడింది. నొక్కలేదు, అలా ఉంచింది.

"ఆవిడ తప్పు చెప్పలేదు సార్" అన్నాను. "ఒక్కటి కూడా తప్పకుండా చెప్పారు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. నేను కళ్ళు మూసుకోమన్నాను గానీ మూసుకున్నారో లేదో చూడలేదు. గొట్టాలకి ఎరుపూ నీలమూ మూతలున్నాయి. మూట వేశాక మధ్యలో చర్మం చూడాలి, చూడలేదు. మేనేజరు గారు పైకి పిలిచారు, వెళ్ళాను. పిలిచినా వెళ్ళకుండా ఉండాల్సింది. అది నాది."

మేనేజరు గారు "ఎప్పుడు పిలిచాను?" అని లేవబోయారు. పెద్ద డాక్టరు గారు చేత్తో కూర్చోమన్నారు. నన్నే చూస్తూ, "అంటే ఆవిడ కళ్ళు తెరిచి మోసం చేసిందంటావా?" అన్నారు.

"మోసం" అన్న మాటకి కొడుకు ఒక అడుగు ముందుకేశాడు.

ఇప్పుడు నేను చెప్పబోయేది వినమ్మా. ఇది నీ దగ్గర ఇప్పటిదాకా దాచాను. నన్ను బళ్ళో వేసిన రోజు హెడ్మాస్టరు గారు నీకొక కాగితం ఇచ్చి "చదువుకోండి" అన్నారు. నువ్వు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నావు. పక్కన వేరే పిల్లల తల్లులు ఎంతసేపు చూస్తున్నారో ఓరగా చూసి, అంతసేపే చూశావు. తర్వాత తలూపి "బాగుందండీ" అన్నావు. నీ కొంగు పట్టుకుని నేను అంతా చూశాను. నీకు చదవడం రాదని నాకు అప్పటికే తెలుసు. ఆ రోజు ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు.

అది నేను ఆ గదిలో చెప్పాను. నిన్ను అడగకుండా, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు చెప్పాను.

"మోసం కాదు సార్. మా అమ్మా అంతే. బడి మొహం చూడనివాళ్ళని ఎవరైనా ఏదైనా అడిగితే అది వాళ్ళకి ప్రశ్నలా వినపడదు. పరీక్షలా వినపడుతుంది. తెలియదంటే ఎక్కడ చులకనవుతామోనని, అడిగినవాళ్ళు ఏది వినాలనుకుంటున్నారో అది వెతికి చెప్తారు. ఇది మా పుస్తకాల్లో లేదు. మా గదిలో మిగతావాళ్ళకి తెలియకపోతే తప్పు కాదు. నాకు తెలిసుండాలి. నేను ఆ ఇంట్లో పుట్టాను."

అప్పుడు పెద్దమ్మ కట్టు కట్టిన కాలు స్టూలు మీద నుంచి దింపబోయింది, నాతో నిలబడి మాట్లాడాలని. కొడుకు ఆపాడు.

"ఎర్రమూతది వేడి, నీలమూతది చల్లన" అంది కూర్చునే. "మొదటిదానికే కనిపెట్టేశాను తల్లీ. కాలికి తెలియలేదు గానీ కంటికి తెలిసింది కదా, ఏదైతేనేం అనుకున్నా. నువ్వు 'భలే' అన్నావు. నన్నెవరూ ఎప్పుడూ భలే అనలేదు. ఇంకోటి అడిగితే బాగుండుననిపించింది. నువ్వు ఈ సంగతి పదిమందిలో చెప్పేస్తావేమోనని ఇందాకటి నుంచీ నా ప్రాణం పోతోంది."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే అమ్మా?" అన్నాడు కొడుకు.

"నువ్వు అడిగావా? అరిచావు."

ఆ తర్వాత కొలబద్ద మేడం మాట్లాడింది. నా తరఫున అని చెప్పను, పాదం తరఫున మాట్లాడింది. ఒక ఫిజియో చేతిలో ఒకేసారి ఎంతమంది ఉండాలి, మూట వేశాక ఆ మనిషిని వదిలి ఎందుకు వెళ్ళకూడదు, సంఘం పద్ధతి ఏం చెప్తోంది, అది ఈ ఆసుపత్రిలో గోడ మీద ఎందుకు లేదు, ఇవన్నీ నెమ్మదిగా అడిగింది. పెద్ద డాక్టరు గారు మేనేజరు గారిని "పిలిచారా, లేదా?" అని ఒక్కసారే అడిగారు. మేనేజరు గారు మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నారు. "పిలిచి ఉండొచ్చు సార్" అన్నారు.

నా మీద పడిందేమిటంటే, నెల్లాళ్ళు రోగుల్ని ముట్టకూడదు. ఆ పైన కొంతకాలం ఇంకొకరి పర్యవేక్షణలో చెయ్యాలి. ఉద్యోగం ఉంది, మేనేజరు గారి కింద ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఎరుపు నీలం మూతలు ఇవాళే తీసి పారేశారు. కట్టు మార్చడానికయ్యే ఖర్చు బీమా వాళ్ళు ఇస్తారు. షుగరు పాదాలు చూసే డాక్టరొకాయన సంఘంలో వాళ్ళకి తెలిసినవాడు, పెద్దమ్మని రేపే అక్కడికి తీసుకెళ్తున్నారు.

మెట్ల దగ్గర కొడుకు నన్ను ఆపాడు. "కౌన్సిల్లో పెట్టిన కంప్లయింటు వెనక్కి తీసుకోను" అన్నాడు.

"వద్దండీ. ఉంచండి" అన్నాను. 

"మా అమ్మ కాలికి స్పర్శ లేదని ఇన్నేళ్ళుగా మందులిస్తున్నవాళ్ళలో ఒక్కడూ చెప్పలేదు" అన్నాడు గోడ వైపు చూస్తూ. ఇంకేదో అనబోయి, తల్లి పిలిస్తే వెళ్ళిపోయాడు. ఆవిడని రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. కౌన్సిలు ఏమంటుందో ఇంకా తెలియదమ్మా. ఆ కత్తి నెత్తి మీద అలాగే వేలాడుతోంది. కాకపోతే అక్కడికి కూడా ఒక్కదాన్నే వెళ్ళనని తెలుసు. నాన్నకి చెప్పు, జెండాలు లేవు, ఒక కొలబద్ద ఉంది.

నీ గురించి పదిమందిలో చెప్పినందుకు నన్ను ఎన్నయినా తిట్టు. కానీ నేను ఇందాకటి నుంచీ చెప్పాలని చెప్పలేక తిరుగుతున్న మాట అది కాదు. ఇది.

నేను చదువుకుంటున్నప్పుడు సెలవులకి ఇంటికొచ్చి, ఇదే పరీక్ష నీ పాదాల మీద చేశాను, గుర్తుందా? కాలేజీ నుంచి తెచ్చిన గొట్టాలు, ఎర్రమూతది ఒకటి, నీలమూతది ఒకటి. నువ్వు మంచం మీద కూర్చుని కాళ్ళు చాపావు. అడిగినవన్నీ టకటకా చెప్పావు. ఒక్కటీ తప్పలేదు. నేను చప్పట్లు కొట్టి "భలే అమ్మా!" అన్నాను. మా అమ్మ పాదాలు బంగారం అని కాలేజీలో అందరికీ చెప్పుకున్నాను.

ఆ రోజు నువ్వు కళ్ళు మూసుకున్నావా అమ్మా?

చెప్పు జారిపోతే తెలియకపోవడం వయసు వల్ల కాదు. నవ్వే సంగతీ కాదు. అత్తా, నువ్విప్పుడు ఒక పని చెయ్యి. ఈ ఉత్తరం పక్కన పెట్టి, రెండు చెంచాలు తీసుకో, ఒకే రకంవి. ఒకటి చన్నీళ్ళలో, ఒకటి గోరువెచ్చని నీళ్ళలో ఉంచు. ముందు నీ మణికట్టు మీద చూసుకో, వేడిగా ఉంటే వద్దు. అమ్మ కళ్ళ మీద తువ్వాలు కట్టు, ముక్కు పక్క సందులోంచి కూడా చూడనివ్వకు, మా అమ్మ గడుసుది. బొటనవేలి దగ్గర, మడమ దగ్గర, అరికాల్లో ఒకటి తాకించి అడుగు. కొన్నిసార్లు ఏదీ తాకించకుండా అడుగు. జవాబు ఏదొచ్చినా నవ్వకు, "కాదు" అనకు, "భలే" అసలే అనకు. ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. జవాబులు ఎలా ఉన్నా ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, రక్తం పరీక్ష చేయించి, చెప్పు సంగతి నువ్వే చెప్పు. ఆవిడని చెప్పనిస్తే "బాగుందండీ" అంటుంది.

అమ్మా, చెప్పులు లేకుండా నడవకు, ఇంట్లో కూడా. రోజూ అరికాళ్ళు చూసుకో, కనపడకపోతే నాన్నని చూడమను. ఆయన నవ్వినా చూపించు. నెల్లాళ్ళు నాకు రోగులు లేరు కాబట్టి ఈ శనివారమే బయల్దేరి వస్తున్నాను. ఈలోగా అత్త అడిగినప్పుడు తెలిస్తే తెలిసిందను, తెలియకపోతే తెలియదను. నీకు తెలియదని నాకు తెలియడమే నాకు కావాలి. ఇన్నేళ్ళలో నిన్ను నేను అడుగుతున్న ఒకే ఒక్క ప్రశ్న ఇది, పరీక్ష కాదు.

ఇట్లు,
ఈసారి భలే అనని
నీ కూతురు